పైరవీ: ఒక శాసనసభ్యుని కథ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచి, ‘మాస్టారూ, చదువు మీద మాట్లాడండి, రాజకీయాలు మాత్రం వద్దు’ అన్నారు. మేము బడిలో చెప్పేది సాంఘిక శాస్త్రం. అందులోంచి రాజకీయాలు తీసేస్తే నదులు, పర్వతాలు మిగులుతాయి. అందుకని ఇక్కడి పార్టీల జోలికి పోకుండా, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక శాసనసభ్యుని కథ చెప్పుకుంటాము. పేరు విల్లీ బ్రౌన్. సభ్యుడయ్యాడు, స్పీకరయ్యాడు, నగర మేయరయ్యాడు, ఆ తరువాత పెద్ద పెద్ద సంస్థలకు దారి చూపే మనిషయ్యాడు, అదే సమయంలో పత్రికలో ప్రతి ఆదివారం కాలమ్ రాసే రచయిత కూడా అయ్యాడు. ఈ కథ మనకెందుకంటే, క్రిందటి సంవత్సరం మా తరగతిలో ‘పెద్దయితే ఏమవుతారు’ అని వ్యాసం రాయమంటే ఒక పిల్లవాడు శుభ్రమైన ఉర్దూలో ‘పైరవీకార్ అవుతాను’ అని రాశాడు. తమాషాకు కాదు, కారణాలు కూడా రాశాడు. డాక్టరు దగ్గరికి జబ్బు వస్తేనే పోతారట, పైరవీకారు దగ్గరికి రోజూ పోతారట. అక్షర దోషం ఒక్కటీ లేదు. మార్కులు వేయక తప్పలేదు.

మొదట ఈ మాట సంగతి చూద్దాము. పైరవీ మన ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన మాట, దాని మూలం ఫారసీ. ‘పై’ అంటే కాలు, అడుగు. ఒకరి అడుగుల వెంట నడవటం పైరవీ. పెద్దల మంచి నడవడిని అనుసరించటం కూడా పైరవీయే. కచేరీ భాషలో ‘ముఖద్దమా పైరవీ’ అంటే వకీలు దావా వెంట నడవటం, వాయిదా వాయిదాకూ హాజరు కావటం. అందులో తప్పేమీ లేదు. ఆ మాటే తెలుగు బజారులో పడి, దఫ్తరులో లోపాయికారీగా పని చేయించుకోవటం అనే అర్థానికి దిగజారిపోయింది. మాటలు కూడా మనుషుల్లాగే, ఎవరితో తిరిగితే ఆ పేరు వస్తుంది.

ఇంగ్లీషు వారి ‘లాబీ’ కూడా ఇట్లాంటిదే. చట్టసభ లోపలికి సభ్యులు తప్ప ఇతరులు పోరాదు. సభ్యుడు బయటికి వచ్చేదాకా అర్జీదారులు నిలబడే వరండా పేరు లాబీ. అక్కడ నిలబడి సభ్యుని చెవిలో మాట వేసేవాడు లాబీయిస్టు. గ్రాంట్ అనే అధ్యక్షుడు వాషింగ్టన్‌లో ఒక హోటలు వరండాలో చుట్ట కాలుస్తుంటే అక్కడ మూగిన వారి వల్ల ఈ పేరు వచ్చిందని ఒక కథ ఉన్నది. అది వట్టి కథే. గ్రాంటు పదవిలోకి రాకముందు నుంచే ఈ మాట వాడుకలో ఉన్నది.

అమెరికా వారి రాజ్యాంగానికి 1791లో చేసిన మొదటి సవరణలోనే, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు ప్రజలకు ఉన్నదని రాసుకున్నారు. కనుక అక్కడ లాబీయింగు నేరం కాదు, హక్కు. చిక్కు ఎక్కడంటే, అర్జీ పెట్టుకునే హక్కు అందరికీ ఒకటే గాని, అర్జీ వెంట నడవటానికి మనిషిని కూలికి పెట్టుకునే తాహతు అందరికీ ఉండదు.

కాలిఫోర్నియాలో ఇది ఎంత దూరం పోయిందో చెప్పటానికి ఆర్టీ సామిష్ ఒక్కడు చాలు. బీరు తయారీదారులు, గుర్రపు పందాలవారు, బస్సుల, లారీల యజమానులు, వీరందరి తరఫున 1930లలో, 40లలో ఆ రాష్ట్ర శాసనసభను ఆడించినవాడు. ఏనాడూ ఎన్నికలో నిలబడి గెలిచినవాడు కాదు. 1949లో కాలియర్స్ అనే పత్రికవారు ఫొటో తీస్తామంటే, తోలుబొమ్మల వారి దగ్గర ఉండే మాట్లాడే బొమ్మలాంటిదాన్ని ఒకదాన్ని ఒడిలో కూచోబెట్టుకుని, ఇదే శాసనసభ అన్నట్టు ఫోజు పెట్టాడు. ఆ ఫొటో అచ్చు అయిన తరువాత సభ్యులకు రోషం వచ్చింది, అతణ్ణి సభ దరిదాపులకు రానీయలేదు. 1953లో ఆదాయపు పన్ను ఎగవేత కేసులో శిక్ష పడి జైలుకు పోయాడు. బొమ్మ ఆడినంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు, ఫొటో పడ్డాకనే పరువు గుర్తుకొచ్చింది.

ఇంకో 20 సంవత్సరాలు గడిచి, 1974లో అక్కడి ప్రజలే ఓటు వేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. లాబీయిస్టు ప్రతివాడూ పేరు నమోదు చేయించుకోవాలి. ఎవరి తరఫున, ఎంత సొమ్ముకు పని చేస్తున్నాడో లెక్క చెప్పాలి. ఒక అధికారికి నెలకు 10 డాలర్లకు మించి కానుకగా గాని విందుగా గాని ఇవ్వరాదు. రెండు హాంబర్గర్లు, ఒక కూల్ డ్రింకు, అంతే అని ఆ చట్టం వెనక నిలిచిన జెర్రీ బ్రౌన్ లెక్క కట్టి చెప్పేవాడు. మన కథానాయకునికి ఈ జెర్రీ బ్రౌన్‌కు ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు. ఆయన తరువాత గవర్నరయ్యాడు, మళ్లీ చివరలో కనిపిస్తాడు.

ఇక విల్లీ బ్రౌన్. 1934లో టెక్సాస్ రాష్ట్రంలో మినియోలా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నల్లజాతి వాడు. నల్లవారికి వేరే బడి, వేరే పేట, వేరే కూలి ఉన్న రోజులు. అమ్మమ్మ పెంచింది. బూట్లకు పాలిష్ పెట్టాడు, పొలాల్లో కూలి చేశాడు, వంటశాలలో పని చేశాడు. 17 ఏళ్ల వయసులో, 1951లో, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న మేనమామ దగ్గరికి వచ్చేశాడు. ఆ మేనమామ జూదంలో డబ్బు గడించినవాడు, మంచి బట్టలంటే పిచ్చి. మేనల్లునికి బట్టల పిచ్చి అక్కడే అంటుకుంది. పెద్దయిన తరువాత ఇటలీ సూట్లు, టోపీలు ఆయన గుర్తులైపోయినాయి. మన దర్జీ సోదరులు చూస్తే ముచ్చట పడేవారు. పగలు చదువు, మిగతా వేళల్లో ద్వారపాలకుడుగా, ఊడ్చేవాడుగా, చెప్పుల దుకాణంలో అమ్మేవాడుగా పని. 1955లో డిగ్రీ, 1958లో వకీలు పట్టా.

1961లో ఒక కొత్త కాలనీలో ఇల్లు చూద్దామని భార్యతో పోతే, నల్లవారికి ఇల్లు చూపించటం ఇష్టం లేక అమ్మకందారులు తప్పించుకుపోయినారు. బ్రౌన్ ఊరుకోలేదు. జనాన్ని వెంటేసుకుని అక్కడే బైఠాయించాడు. పత్రికల్లో పేరు పడింది. మనలో కిరాయికి ఇల్లు వెతుక్కుంటూ పేరు చెప్పగానే ‘ఇల్లు ఇచ్చేశామండీ’ అనే జవాబు విన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. 1962లో శాసనసభకు నిలబడి కొద్ది వందల ఓట్లతో ఓడిపోయాడు. 1964లో అదే ప్రత్యర్థి మీద గెలిచాడు. అక్కడి నుంచి 1995 దాకా ఆ సభలోనే ఉన్నాడు. మొత్తం 31 ఏళ్లు.

ఆయన తెలివి ఓట్ల లెక్కలో ఉన్నది. సభలో 80 మంది, స్పీకరు కావాలంటే 41 ఓట్లు. 1980లో సొంత డెమోక్రటిక్ పార్టీ రెండు ముక్కలై కొట్టుకుంటున్నది. బ్రౌన్ ఎదుటి పార్టీ వారి దగ్గరికి పోయి మాట్లాడుకున్నాడు. 28 మంది రిపబ్లికన్లు, 23 మంది డెమోక్రాట్లు కలిసి ఆయనను స్పీకరు చేసినారు. అంటే సొంత పార్టీ కంటే పరాయి పార్టీ ఓట్లే ఎక్కువ! ఆ రాష్ట్రంలో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. ఆయన కంటే ఎక్కువ కాలం ఆ కుర్చీలో కూచున్నవారు లేరు. అక్కడి స్పీకరు మన స్పీకరు లాంటివాడు కాడు. ఏ కమిటీలో ఎవరుండాలో, ఏ బిల్లు కదలాలో ఆగాలో ఆయన చెప్పినట్టే. ఎన్నికలకు చందాలు పోగుచేసి తన పార్టీ అభ్యర్థులకు పంచేది కూడా ఆయనే. ఒకసారి తనను తాను అసెంబ్లీకి ‘ఆయతుల్లా’ అని చెప్పుకున్నాడు. ఇరాన్ సంగతులు పత్రికల నిండా ఉన్న రోజులవి. ధర్మశాస్త్రం చదివినవారి బిరుదు అక్కడికి పోయి పెత్తందారు అనే అర్థం తెచ్చుకున్నది. పైరవీకి పట్టిన గతే దానికీ పట్టింది.

స్పీకరుగా ఉంటూనే వకీలు వృత్తి కూడా నడిపాడు. భూముల కంపెనీలు, పెద్ద వ్యాపారులు ఆయన కక్షిదారులు. అక్కడి చట్టం దాన్ని నిషేధించలేదు. 1980లలో కేంద్ర దర్యాప్తు సంస్థవారు దొంగ రొయ్యల కంపెనీ ఒకటి పెట్టి, సభ్యులు లంచం పడతారా అని వల వేశారు. కొందరు సభ్యులు పట్టుబడి జైలుకు పోయినారు. బ్రౌన్ మీద ఏ నేరారోపణా రాలేదు. ఆయన్ను గూర్చి చెప్పేటప్పుడు ఈ ఒక్క సంగతి వదలరాదు. చట్టం గీసిన గీతకు ఇవతలనే నడిచాడు. ఆ గీత సరైన చోట గీశారా అన్నది మా ప్రశ్న.

జనానికి మాత్రం విసుగు పుట్టింది. 1990లో ప్రజాభిప్రాయ ఓటుకు 140వ ప్రతిపాదన వచ్చింది. ఒక మనిషి అసెంబ్లీలో రెండేళ్ల లెక్కన మూడుసార్లు, అనగా 6 సంవత్సరాలు, సెనేట్‌లో 8 సంవత్సరాలు, అంతకు మించి ఉండరాదు. ఈ ప్రచారమంతా బ్రౌన్ ముఖం చూపించే నడిచింది. ప్రతిపాదన నెగ్గింది. కుర్చీ పట్టుకుని వేలాడేవారిని దింపటం మంచిదేనని మీరు తల ఊపుతున్నారు. కాని తరువాత ఏమైందో చూడండి. కొత్త సభ్యుడు వచ్చి బడ్జెట్ పుస్తకం ఎట్లా చదవాలో నేర్చుకునే లోపల అతని గడువు అయిపోతుంది. సభ్యులు మారుతుంటారు, లాబీయిస్టు మాత్రం 20, 30 ఏళ్లు అక్కడే ఉంటాడు. ఏ చట్టం ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది అతనికే తెలుసు. కొత్త సభ్యుడు పోయి అతణ్ణే అడగాలి. బడిలో మాస్టర్లు ఏడాదికొకరు మారుతూ ఉంటే పెత్తనం ఎవరి చేతిలోకి పోతుంది? గుమాస్తా చేతిలోకి. ఈ ఇబ్బంది గమనించే 2012లో మళ్లీ ఓటు వేసి, ఏ సభలోనైనా సరే కలిపి 12 సంవత్సరాలు ఉండవచ్చునని సవరించుకున్నారు.

బ్రౌన్ ఆఖరి ఆట చెప్పకుండా ముందుకు పోతే మా పిల్లలు క్షమించరు. 1994 ఎన్నికల్లో రిపబ్లికన్లకు 41 సీట్లు వచ్చాయి, డెమోక్రాట్లకు 39. అందరూ ఆయన పని సరి అనుకున్నారు. ఓటింగు నాడు పాల్ హోర్చర్ అనే రిపబ్లికన్ సొంత పార్టీని వదలి బ్రౌన్‌కు ఓటు వేశాడు. 40కి 40. అటూ ఇటూ కాలేదు. అవతలి సభ్యుడొకాయన సెనేట్‌కు కూడా ఎన్నికై ఉన్నాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టటం కుదరదని 1995 జనవరిలో అతణ్ణి సభ నుంచి తప్పించారు. ఇంకేమున్నది, 40కి 39! బ్రౌన్ మళ్లీ స్పీకరు. జూన్‌లో తానే దిగిపోతూ ఆ కుర్చీలో డోరిస్ ఆలెన్ అనే రిపబ్లికన్ స్త్రీని కూచోబెట్టాడు. ఆమెకు పడిన ఓట్లు డెమోక్రాట్లవి, ఆమె సొంత ఓటు ఒకటి. మన దేశంలో ఆయారాం గయారాంల కోసం 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది, తీర్పు చెప్పవలసింది స్పీకరు. అక్కడ ఆ పని ఓటర్లు చేశారు. హోర్చర్‌ను, డోరిస్ ఆలెన్‌ను ఇద్దరినీ అదే 1995లో వెనక్కి పిలిచే ఎన్నిక పెట్టి పదవి నుంచి దించేశారు. ఆటగాడు మాత్రం అదే ఏడాది డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో మేయరుగా గెలిచాడు. వాడుకున్న పావుల గతి ఏమిటో పిల్లలు గమనించాలి.

మేయరుగా 1996 నుంచి 2004 దాకా ఎనిమిదేళ్లు. 1989 భూకంపంలో దెబ్బతిన్న నగర భవనాన్ని బాగుచేయించి 1999లో తిరిగి తెరిపించాడు. కొత్త పేటలు లేచాయి, ఇళ్ల కిరాయిలు కూడా లేచాయి. దాన్ని గూర్చి ఇంకో రోజు.

ఇప్పుడు అసలు సంగతి. పదవి పోయిన తరువాత మనిషి దగ్గర ఏమి మిగులుతుంది? పరిచయాలు. ఏ తలుపు తడితే ఎవరు తీస్తారో తెలిసిన తెలివి. బ్రౌన్ వాటితోనే వకీలుగా, సలహాదారుగా బతుకు సాగించాడు. ఆ ఊరిలో 1993లో ప్రజలు ఓటు వేసి నైతిక నియమాల కమిషన్ ఒకటి పెట్టుకున్నారు. సొమ్ము తీసుకుని నగర అధికారులతో మాట్లాడేవారు దాని దగ్గర నమోదు కావాలి. బ్రౌన్ చేసేది లాబీయింగా, సలహానా, వకీలు పనా, ఉట్టి స్నేహమా అని ఏళ్ల తరబడి అక్కడ వాదన నడిచింది. ‘నేను ఫోను చేశాను, ఆయన పలికాడు, అందులో పైరవీ ఎక్కడున్నది’ అనే వాదన మనం కూడా వినని వాదన కాదు.

2008లో శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో ‘విల్లీస్ వరల్డ్’ అనే పేరుతో కాలమ్ మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఊరంతా చదివే శీర్షిక. ఏ సినిమా చూశాడు, ఏ హోటల్లో తిన్నాడు, ఏ నాయకుడు ఎవరితో మాట్లాడటం లేదు, ఈసారి ఎవరు గెలుస్తారు, ఇట్లా సాగేది. చమత్కారం ఉన్నది, లోపలి సంగతులు ఉన్నాయి, చదివితే వదలబుద్ధి కాదు. మంచి రచన అనే మేము ఒప్పుకుంటాము. విమర్శకులు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈ వారం ఒక నాయకుణ్ణి మెచ్చుకున్నాడు గదా, ఆ నాయకుని దగ్గర తన కక్షిదారుల పని ఏమన్నా ఉన్నదా లేదా అన్నది చదివేవాడికి ఎట్లా తెలుస్తుంది? మెచ్చుకోలుకు రుసుము ఉండకపోవచ్చు. కాని కాలమ్ రాసే చేతిని ఏ నాయకుడు వట్టి చేతులతో పంపుతాడు?

కమలా హారిస్ పేరు మీకందరికీ తెలుసు. తల్లి మద్రాసులో పుట్టినావిడ. తాను 2021 నుంచి 2025 దాకా అమెరికా ఉపాధ్యక్షురాలు. 2019లో ఆమె అధ్యక్ష పదవికి పోటీ మొదలుపెట్టినప్పుడు, వెనక 1990లలో తమ మధ్య స్నేహం ఉండేదని, స్పీకరుగా ఆమెను రెండు ప్రభుత్వ మండళ్లలో నియమించి ఉంటానని బ్రౌన్ ఆ పత్రికలోనే రాశాడు. ఆమె సొంతంగా ఎన్నికలు గెలిచి పైకి వచ్చిన మనిషి, అది వేరు. నియమించినవాడూ ఆయనే, దాని మీద వ్యాఖ్య రాసేవాడూ ఆయనే కావటం మాకు సరిపడదు.

బ్రౌన్ ఒక్కణ్ణి తిట్టి కూచోవటం మా ఉద్దేశం కాదు. ఆ బూట్ పాలిష్ పిల్లవాడి పట్టుదల ముందు మేము టోపీ తీస్తాము. అక్కడ కనీసం రిజిస్టరు ఉన్నది. శాసనసభ్యుడు దిగిపోయిన తరువాత ఏడాది దాకా అదే సభ దగ్గర సొమ్ముకు లాబీయింగు చేయరాదని 1990లో నిబంధన పెట్టారు. ఏడాది తక్కువే, కాని ఉన్నది. మన దేశంలో లాబీయిస్టుల రిజిస్టరు చట్టమే లేదు. 2010లో రాడియా టేపులు బయటపడి, వ్యాపారుల మనిషీ పత్రికల వారూ ఫోనులో మంత్రి పదవుల సంగతి మాట్లాడుకోవటం దేశమంతా విన్నది. 2013లో ఒక సభ్యుడు లాబీయింగును బయటపెట్టే బిల్లును లోక్‌సభలో ప్రైవేటుగా పెట్టాడు. అది చట్టం కాలేదు.

ఇక మన బస్తీ. మాకు తెలిసిన ఒక పెద్దాయన పింఛను కాగితం ఒక దఫ్తరులో ఏడాది పాటు కదలలేదు. పదవి పోయిన నాయకుడొకరు ఒక్క ఫోను చేస్తే వారంలో కదిలింది. ఆయన పైసా తీసుకోలేదు, దుఆ ఇచ్చాము. కాని అదే బల్ల మీద, అదే కట్టలో ఇంకా ఎన్నో కాగితాలు ఉన్నాయి. వాటి వెంట నడిచేవారు లేరు. ఫోనుతో కదులుతుందని తెలిసిన గుమాస్తా ఫోను లేకుండా ఎందుకు కదిలిస్తాడు? పైసా తీసుకోని ఆ ఫోనే రేపు పైసా తీసుకునే ఫోనుకు బాట వేస్తుంది. మా పిల్లవాడు వ్యాసంలో రాసింది ఈ లెక్కే.

మనకు చట్టసభ చేతిలో లేదు గాని మన సంఘం మన చేతిలో ఉన్నది. ఇక్కడికి రోజూ మనుషులు వస్తారు, స్కాలర్‌షిప్పు అని, రేషను కార్డు అని, ఆసుపత్రి అని. సంఘం తరఫున ఎవరో ఒకరు వెంట పోతారు. ఎవరు, ఎవరి కోసం, ఏ దఫ్తరుకు, ఏ తారీఖున పోయినారు, ఎంత ఖర్చయింది, పని అయిందా లేదా అన్నది ఒక పుస్తకంలో రాయాలని, ఆ పుస్తకం ఏ సభ్యుడు అడిగినా చూపించాలని మా ప్రతిపాదన. మాజీ ప్రజాప్రతినిధి పోయినా రాయవలసిందే, సదర్ సాహెబ్ పోయినా రాయవలసిందే. అప్పుడు ఫోను చేయించుకున్న కాగితాలు ఎన్ని, ఫోను లేకుండా పడి ఉన్నవి ఎన్ని అన్నది ఏడాది చివర తెలుస్తుంది. పడి ఉన్నవాటిని కలిపి ఒక్క అర్జీగా, అందరి సంతకాలతో పై అధికారికి పంపవచ్చును. అది అసలు అర్థంలో పైరవీ.

చెప్పటం మరిచాము. 2013లో కాలిఫోర్నియా శాసనసభ తీర్మానం చేసి, శాన్ ఫ్రాన్సిస్కో సముద్రపు వంతెన పశ్చిమ భాగానికి విల్లీ బ్రౌన్ పేరు పెట్టింది. అప్పుడు గవర్నరుగా ఉన్న జెర్రీ బ్రౌన్‌కు పాత పేరే ఉంచాలని ఉండేది. కాని ఆ తీర్మానానికి గవర్నరు సంతకం అవసరం లేదట. ఓట్ల లెక్క మళ్లీ సరిపోయింది.

పుస్తకం మేమే కొని తెచ్చాము. 200 పేజీలది, గట్టి అట్ట. గీతలు గీసి, శీర్షికలు తెలుగులోను ఉర్దూలోను రాసి దఫ్తరు బల్ల మీద ఉంచాము. దాని ఖరీదు కోశాధికారి గారు మాకు ఇంకా ఇవ్వవలసి ఉన్నది. అది కూడా మొదటి పేజీలో రాశాము.